పెద్దలు చెప్పని లెక్క

ఉద్యోగస్థలాల్లో పెద్దతరానికీ చిన్నతరానికీ మాట కలవటం లేదని ఈ మధ్య తరచు వింటున్నాం. దీనికి మందు కూడా సిద్ధంగానే వున్నది: పెద్దలు సెల్‌ఫోను నేర్చుకోవాలి, చిన్నవారు వినయం నేర్చుకోవాలి. జబ్బంతా మాటతీరులోనే వున్నదన్న నమ్మకం ఈ మందుకు మూలం. ఆ నమ్మకం చాలదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

నేను ఉపాధ్యాయుణ్ణి. ఇటీవలే పదవీ విరమణ చేశాను. 1980 దశకంలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచరుగా చేరాను. పూర్తి స్కేలు మీద వున్న పెద్ద మాస్టారు పక్క తరగతిలో చెప్పే పాఠమే నేనూ చెప్పేవాణ్ణి. మమ్మల్ని పేరుపెట్టి పిలిచేవారు తక్కువ. "ఆ 398 వాళ్ళు" అనేవారు. మనిషికి జీతమే పేరయినప్పుడు అతనితో సంభాషణ ఎట్లా సాగుతుంది?

ఆ అవమానం మరవలేదనే అనుకున్నాను. మరిచాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయింది. జీతం, కరువుభత్యం మీద నూటికి 10 చొప్పున కోసి, మార్కెట్టుతో ముడిపడిన నిధిలో వేసే పద్ధతి వచ్చింది. 2003లో ప్రకటన వెలువడిన డి.ఎస్సీ.లో ఎంపికై కూడా, నియామకం ఆలస్యమైన పాపానికి ఇందులో పడినవారున్నారు. ఒకే బడి, ఒకే నల్లబల్ల. వృద్ధాప్యాలు మాత్రం రెండు. వారిని మేము "సి.పి.ఎస్. వాళ్ళు" అనటం మొదలుపెట్టాం.

ఒకనాడు మధ్యాహ్న భోజనాల దగ్గర, అలవాటు చొప్పున పాత సమ్మెల గూర్చి చెబుతున్నాను. నా ఫోనులో హాజరు ఎక్కటం లేదంటే ఒక యువ ఉపాధ్యాయుడు దాన్ని సరిచేస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "మాస్టారూ, మా పింఛను పోయిననాడు మీరేం చేశారు?"

నేనేం చేశాను? ఒక వినతిపత్రం మీద సంతకం చేశాను. మాకు వర్తించదని తెలిశాక లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. అతనికి మాత్రం ప్రపంచీకరణ గూర్చి పది నిముషాలు ఉపన్యసించాను. అతను మర్యాదగా విన్నాడు. ఆ తరువాత నన్నేమీ అడగలేదు. ఆ మౌనాన్ని చాలాకాలం ఈ తరం నిర్లక్ష్యమని భావించాను.

వైరుధ్యం తరాల మధ్యది కాదు, పాలకులకూ పనిచేసేవారికీ మధ్యది అని మిత్రులంటారు. నిజమే. వున్నవారి హక్కును ముట్టకుండా రాబోయేవారి హక్కును కొయ్యటం పాలకులకు తెలిసిన విద్య. ఇంకా ఉద్యోగంలో చేరనివాడు సమ్మె చెయ్యలేడు. చేరినవాడికి చెయ్యవలసిన అవసరం కనిపించదు. కాని ఆ కోత నిరాటంకంగా సాగటానికి నా ఊరట కూడా తోడ్పడింది. పాలకుల దోషాన్ని ఎంత గట్టిగా చెప్పినా, దాని చాటున నా దోషాన్ని దాచుకుంటే ఆ సిద్ధాంతం వొట్టి సాకవుతుంది.

మన పెద్దతరం గెలుపుల చరిత్ర చెబుతుంది. చిన్నవారికి కావలసింది ఓటముల లెక్క. ఎక్కడ వెనక్కి తగ్గాం, ఎవరిని వదిలిపెట్టి ఒప్పుకున్నాం, ఎందుకు ఒప్పుకున్నాం - ఇవి చెప్పకుండా ఐక్యత గూర్చి ఎంత బోధించినా అది వారి చెవికెక్కదు.

విరమణకు నెలరోజుల ముందు ఆ యువకునితో సంతకం సంగతీ, ఊరట సంగతీ చెప్పాను. అతను నన్ను క్షమించాననలేదు. కాసేపాగి, "మన బడిలో గౌరవవేతనం మీద పాఠం చెబుతున్న అమ్మాయికి వేసవి నెలల్లో జీతం లేదు మాస్టారూ. మేమూ ఎన్నడూ అడగలేదు" అన్నాడు.

అన్నేళ్ళలో మేమిద్దరం నిజంగా మాట్లాడుకున్నది అప్పుడే.

కనుక సంఘాల సమావేశాల్లో మొదటి మాట, అందరికంటె తక్కువ షరతుల మీద పనిచేసేవారిది కావాలి. పెద్దలు ముందు విని, తమ లెక్క అప్పజెప్పాలి. సెల్‌ఫోను సంగతి అంటారా, అదెంతలో పని? నేర్చుకుంటాం.