గోడమీది శాంతి

యింటి గోడకు ప్రశాంతమైన చిత్రం తగిలించుకోవడం తప్పా? ప్రశ్న యిలా వేస్తే నవ్వు వస్తుంది. కాని మన మిత్రులలో కొందరు నవ్వకుండానే జవాబు చెబుతారు: బయట ఆకలి వుండగా లోపల కొండలూ మంచూ చూస్తూ కూర్చోవడం పలాయనమేనని. మరికొందరు, మనిషికి అలసట తీర్చుకొనే చోటు ఒకటి వుండాలి గనుక దీనికి సంజాయిషీ అక్కరలేదంటారు. యీ రెండు జవాబులూ నాకు తృప్తినివ్వలేదు. ఎందుకో చెబుతాను.

విజయనగరంలో మా యింటి ముందుగదిలో జపాను చిత్రకారుడు హిరోషిగే చిత్రం నకలు ఒకటి వున్నది. ఎడోనుంచి క్యోటోకు పోయే తోకైదో రహదారి మజిలీలను అతడు యాభైఅయిదు చిత్రాలుగా వేశాడు. అవి 1833-34 ప్రాంతంలో అచ్చయినాయి. నా దగ్గరున్నది షోనో మజిలీ. ఏటవాలుగా కొట్టే వాన, గాలికి వంగిన చెట్ల వరుసలు, ఎత్తు ఎక్కుతూ కొందరు, దిగి పరుగెడుతూ కొందరు. బడినుంచి వచ్చి దాని ఎదుట కూర్చుంటే మనస్సు కుదుటపడేది.

ఒకనాడు నా పాత విద్యార్థి, సీతంపేట కొండల సవర కుర్రవాడు, మా యింటికి వచ్చాడు. ఆ చిత్రాన్ని చాలాసేపు చూసి, “మాస్టారూ, యిది డోలీయే గదా? లోపలున్నది ఎవులు? జబ్బు మనిషా, పురిటి మనిషా?” అని అడిగాడు.

పల్లకి మోసేవాళ్లు అందులో వున్నారని నాకూ తెలుసు. కాని వాళ్లను వానలో ఒక భాగంగా చూశానేగాని, బరువు మోస్తున్న మనుషులుగా చూడలేదు. రోడ్డు లేని కొండ వూళ్లనుంచి రోగులనూ గర్భిణులనూ నేటికీ డోలీ కట్టి దించవలసి వస్తున్నది. ఆ దారి అతడి భుజానికి తెలుసు. లోపలున్నవాడు డబ్బిచ్చి ఎక్కిన ప్రయాణికుడని చెప్పాను. “అయితే మోసినోలకి కూలైనా వచ్చుంటది” అన్నాడు.

అప్పటినుంచి ఆ చిత్రం పుట్టుకను గురించి కూడా ఆలోచిస్తున్నాను. బొమ్మ గీసినవాడు ఒకడు, దానిని చెర్రీ చెక్కమీద చెక్కినవాడు మరొకడు, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క చొప్పున కాగితంమీద అద్దినవాడు యింకొకడు. అమ్మినవాడు ప్రకాశకుడు. సామాన్యులు కూడా కొనగలిగిన చవక సరుకది. లోకానికి మిగిలిన పేరు గీసినవాడిదే. అవి అచ్చవుతున్న 1833లోనే జపానులో పెద్ద కరువు మొదలయింది. 1837లో ఓసాకాలో ఓషియో హెయ్‌హాచిరో అనే ఉపాధ్యాయుడు తన పుస్తకాలు అమ్మి ఆకలిగొన్నవాళ్లకు పంచి, ఆ తరువాత తిరుగుబాటు లేవదీశాడు. దానిని అణచివేశారు. హిరోషిగే మజిలీలలో ఆ కరువు కనిపించదు. అతడిని అభ్యుదయవాదిని చేయాలని నాకు లేదు. అయినా వంగిన వీపులను అతడు చిత్రంనుంచి తొలగించలేదు. తొలగించింది నా చూపు.

నా విద్యార్థి తాతల యిండ్లలోనూ గోడమీద చిత్రాలుండేవి. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో, పుల్ల కుంచెతో వేసేవారు. ఒరిస్సా కొండలలోని సవరల గోడచిత్రాలను గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా వ్రాశాడు. అవి కంటి విందుకోసం వేసినవి కావు. జబ్బు పోవాలని, పంట రావాలని, చనిపోయినవాళ్లు శాంతించాలని వేసినవి. యింట్లో శాంతి లేనప్పుడు దానిని అడగడానికి వేసిన అర్జీలవి. నేడవి గుడ్డమీదా కాగితంమీదా పట్నం గదులకు వస్తున్నాయి. వేసినవాళ్లకు నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. కాని అద్దం బిగించిన ఆ బొమ్మను చూసి “ఎంత ప్రశాంతంగా వుందో!” అంటున్నాం. అడిగినవాడి జబ్బు మనకు అలంకారమయింది.

ఆ కొండలవాళ్లు గోడను మాత్రమే అడిగి వూరుకోలేదు. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం సభకు పోతున్నవారిమీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవాళ్లు కాల్పులు జరిపారు. యిద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం చరిత్ర అందరికీ తెలిసినదే. అది ఎక్కడ గెలిచింది, ఎక్కడ పొరబడింది అన్నది వేరే చర్చ. వాళ్లు అడిగిన శాంతిలో భూమీ కూలీ కూడా వున్నాయన్నది మాత్రం మరవరాదు.

అందుచేత చిత్రం తీసివేయమనే మిత్రులతో నేను ఏకీభవించను. దానిని తీసినంతమాత్రాన ఎవరి భుజమూ తేలికపడదు. అలసట తీర్చుకోవడానికి సంజాయిషీ ఎందుకనే మిత్రులకూ ఒక మాట చెప్పాలి. మోసేవాడు బరువు దించి విశ్రమిస్తాడు. నేను అతడి బరువును చూడకుండా విశ్రమించాను. యీ రెండు విశ్రాంతులూ ఒకటి కావు.

చిత్రం యింకా అక్కడే వున్నది. వెనకటంత కుదుట యిప్పుడు లేదు. ఆ కుర్రవాడి వూరికి రోడ్డు వేయమని కోరే అర్జీని దాని కిందనే కూర్చుని ఇద్దరమూ వ్రాశాం. రోడ్డు యింకా పడలేదు.