చూశాకే మాట

ఔత్సాహిక ఛాయాగ్రాహకులు ఒకరి చిత్రాల్లోని మంచిచెడ్డలు ఒకరికి చెప్పుకోవడం పైకి కళకు సంబంధించిన వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి అక్కడ చూపుకూ నాలుకకూ ఒకేసారి పరీక్ష జరుగుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం తపస్సును శరీరం, వాక్కు, మనసు అని మూడు విధాలుగా చెబుతూ వాక్తపస్సుకు లక్షణాలు నిర్ణయించింది. మాట ఎదుటివారిని కలతపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. ఈ నాలుగూ ఒకే మాటలో ఇమడాలి. ‘సూపర్’, ‘అదిరింది’ అన్నప్పుడు ప్రియం ఉంటుంది గానీ హితం ఉండదు. ‘ఇదీ ఒక ఫొటోయేనా’ అన్నప్పుడు ఏదీ ఉండదు.

పశ్చిమ ప్రకాశంలో ఈ పరీక్ష ఇంకాస్త కఠినం. ఇక్కడ కెమెరా పట్టినవారు దాదాపుగా తిరిగేవి అవే చోట్లు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు, భైరవకోనలో కొండను తొలిచిన శివాలయాలు, ఆ పక్కనే జలపాతం, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి, సత్యవోలులోని చాళుక్యుల నాటి ఆలయాలు, గిద్దలూరు దాటాక నల్లమలలోకి దూరే రైలు మార్గం.  తాను తీసిన దృశ్యాన్నే మరొకరూ తీసి చూపించినప్పుడు, చూసేవారి మనసు ఎదుట ఉన్న బొమ్మను వదిలేసి తన బొమ్మతో పోల్చడం మొదలుపెడుతుంది. అసూయకు అక్కడే అంకురం. నీళ్లలో కొండ నీడ ఎంత నిండుగా పడిందో అది చూడనివ్వదు, మూలనున్న కరెంటు తీగనే పట్టి చూపిస్తుంది. గీత తొమ్మిదో అధ్యాయం ఆరంభంలో కృష్ణుడు రాజగుహ్యాన్ని, అంటే రహస్యాల్లోకెల్లా గొప్పదాన్ని, బోధించబోతూ అర్జునుడిలో గుర్తించిన అర్హత శౌర్యమో పాండిత్యమో కాదు, అసూయ లేకపోవడం.

భారత ఛాయాచిత్ర సమాఖ్య 1953లో ఏర్పడింది. అలాంటి సంస్థల గుర్తింపుతో జరిగే పోటీల్లో న్యాయనిర్ణేతల ముందుకు బొమ్మ వస్తుంది, తీసినవారి పేరు రాదు. రాగద్వేషాలకు వేసిన కట్టడి అది. స్నేహితుల మధ్య ఇది తలకిందులు. ముందు పేరు కనిపిస్తుంది, ఆ వెంట వయసు, హోదా, కెమెరా ఖరీదు గుర్తుకొస్తాయి, బొమ్మ చివరికి వస్తుంది. పెద్దవారి చిత్రంలో చెరువు నీటి గీత పక్కకు ఒరిగి ఉన్నా ఎవరూ నోరు మెదపరు. కొత్త కుర్రవాడి చిత్రంలో అదే తప్పుంటే పదిమందీ ఎత్తిచూపుతారు. తప్పు ఒకటే అయినప్పుడు మాట రెండు రకాలుగా ఉందంటే విమర్శ చిత్రం మీద కాదు, మనిషి మీద.

కాబట్టి విమర్శకు మొదటి మెట్టు మౌనంగా చూడటం. కశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్ర గ్రంథానికి రాసిన వ్యాఖ్యలో సహృదయుణ్ణి, అంటే రసం గ్రహించగలవాణ్ణి, వర్ణిస్తూ, కావ్యాభ్యాసం వల్ల మనసు అద్దంలా నిర్మలమైనవాడని అన్నాడు. ఛాయాచిత్రం ముందు నిలబడేవారికీ అదే వర్తిస్తుంది. తీసినవారు ఏం చూపాలనుకున్నారో గ్రహించాకే, అది చూపించగలిగారా అన్న ప్రశ్న పుట్టాలి. భైరవకోన గుహాలయం లోపలి నుంచి బయటికి గురిపెట్టి తీసిన చిత్రమే తీసుకుంటే, లోపలి శిల్పం తెలిసేలా వెలుతురు సరిచేస్తే బయటి జలపాతం తెల్లగా కాలిపోతుంది, జలపాతాన్ని నిలిపితే శిల్పం చీకట్లో మునుగుతుంది. ‘వెలుతురు చూసుకోవడం నీకు రాదు’ అనడం నింద. ‘ఎండ ఇంకా నిలువుగా పడని పొద్దుటిపూట వెళ్తే ఈ తేడా తగ్గుతుంది’ అనడం హితం. మొదటిది మనిషికి తగులుతుంది, రెండోది మరుసటి చిత్రానికి పనికొస్తుంది.

నిజమూ హితమూ అయినంత మాత్రాన ఎప్పుడు పడితే అప్పుడు అనవచ్చా? దీనికి బుద్ధుడు అభయ రాజకుమారుడికి ఇచ్చిన సమాధానం సూక్ష్మంగా ఉంటుంది. ప్రయోజనం లేని మాట నిజమైనా తథాగతుడు పలకడు. నిజమై, మేలు చేసేదై, వినడానికి కష్టంగా ఉండే మాటకు మాత్రం సమయం చూసుకుంటాడు. దొనకొండ మండలం చందవరంలో, ఇదే గుండ్లకమ్మ తీరాన, బౌద్ధుల మహాస్తూపం వెలసింది గనుక ఈ బోధ ప్రాంతానికి పరాయిది కాదు. మొదటిసారి చిత్రం పెట్టినవారికి పదిమంది ఎదుట లోపాల చిట్టా విప్పకుండా, పక్కకు పిలిచి ఒక్క లోపం చెప్పడం సమయజ్ఞత.

వినేవారి వంతూ తక్కువేమీ కాదు. అరణ్యకాండలో మారీచుడు రావణుడితో, ఇంపైన మాటలు చెప్పేవారు ఎప్పుడూ సులభంగా దొరుకుతారనీ, చేదైనా మేలుచేసే మాట చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ అరుదేననీ అంటాడు. రావణుడు వినలేదు. పొగడ్తకు మాత్రమే చిత్రం చూపేవారు కొంతకాలానికి పొగిడేవారి మధ్యే మిగులుతారు. విన్న ప్రతి సలహానూ పాటించనక్కర్లేదు, విన్నాక కాసేపు వాదించకుండా ఉంటే చాలు.

చెప్పేవారికీ వినేవారికీ నడుమ మూడో మనిషి ఉంటారు, చిత్రంలో ఉన్నవారు. మార్కాపురం పలకల యూనిట్లో దుమ్ము కమ్మిన ముఖంతో పనిచేస్తున్న కూలీ బొమ్మకు నీడలు బాగా కుదిరాయని మెచ్చుకునే ముందు, ఆ కూలీ అనుమతి తీసుకున్నారా అని అడగడమూ విమర్శే. పేదరికం ‘మంచి సబ్జెక్ట్’ అయ్యే చోట ఈ ప్రశ్న తప్పనిసరి. ఇక ఫొటోలు నిషేధించిన గర్భాలయంలో దొంగచాటుగా తీసిన మూలమూర్తి చిత్రానికి గుణదోష చర్చే అక్కర్లేదు. అది ఎంత స్పష్టంగా వచ్చినా ప్రదర్శనలోకి తీసుకోకూడదు.