ఒళ్లు పణంగా పెడితే రుజువైనట్టేనా?

'నేనే తాగి చూశాను' అనే మాటకు ఎదురు చెప్పడం కష్టం. చెప్పేవాడు తన ప్రాణాన్నే పణంగా పెట్టాడు మరి. అయితే ఆ తెగింపు ప్రమాణమవుతుందా?

అమెరికాలో మోంటానా రాష్ట్రానికి చెందిన లిబర్టేరియన్ పార్టీ నాయకుడు స్టాన్ జోన్స్ 1999లో వెండి కలిసిన నీళ్లు తాగడం మొదలుపెట్టారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయించి యాంటీబయాటిక్స్ దొరకవేమోనని ఆయన భయం. గ్లాసు నీళ్లలో వెండి తీగలు ముంచి, కరెంటు పంపి, ఆ మందు ఇంట్లోనే తయారుచేసుకున్నారు. కొంతకాలానికి ఒళ్లు నీలి బూడిద రంగుకు తిరిగింది. చర్మంలో పేరుకున్న వెండి వెలుతురు తగిలి రంగు మారుతుంది. ఆర్జీరియా అనే ఈ స్థితి సాధారణంగా జీవితాంతం పోదు. 2002లో సెనేట్‌కు పోటీ చేసే నాటికీ ఆయనకు వెండి మీద నమ్మకం సడలలేదు. మోతాదు మించడం తన తప్పేనన్నారు.

ఆయన నిజాయితీని శంకించనక్కర్లేదు. చిక్కంతా రుజువు దగ్గరే. ఎవరికైనా తాను మందు తాగడం, ఒంట్లో నెమ్మదించడం, ఈ రెండూ ప్రత్యక్షం. 'మందు వల్లే నెమ్మదించింది' అన్నది మాత్రం అనుమానం, అంటే ఊహించి తేల్చుకున్న మాట. దానికి అన్వయంతో (ఇది ఉంటే అది ఉండడం) పాటు వ్యతిరేకమూ (ఇది లేకపోతే అది లేకపోవడం) కావాలంటారు నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు. మందు తాగకపోతే ఏమయ్యేదో తాగినవాడికి తెలిసే దారి లేదు. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే.

ఒంటినే పరీక్షగా పెట్టినవారూ ఉన్నారు. అల్సర్లకు బాక్టీరియా కారణమన్న తన వాదాన్ని పరీక్షించేందుకు ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ బాక్టీరియాను తాగారు. ముందే ఎండోస్కోపీతో కడుపు బాగుందని తేల్చుకున్నారు. తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటే వాపు, బాక్టీరియా రెండూ కనిపించాయి. ఏమీ కనిపించకపోతే ఆయన వాదమే బలహీనపడేది. అల్సర్ల సంగతి ఆ ఒక్క కడుపుతో తేలలేదు, ఎందరో రోగుల మీద పరీక్షలు జరిగాకే తేలింది. 2005లో సహ పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిసి మార్షల్ నోబెల్ అందుకున్నారు.

ఇందుకు భిన్నమైన కథ జిమ్ హంబుల్‌ది. ఆయన వైద్యుడు కారు. గయానా అడవుల్లో బంగారం వెతుకుతుండగా మలేరియాకు మందు కనిపెట్టానని చెప్పుకున్నారు. 'మిరకిల్ మినరల్ సొల్యూషన్' అన్న ఆ సోడియం క్లోరైట్ ద్రావణం ఆమ్లం కలిస్తే క్లోరిన్ డయాక్సైడ్ అవుతుంది. కాగితపు గుజ్జును తెల్లబరిచే రసాయనం అది. తాగితే వాంతులు, విరేచనాలు, ప్రాణం మీదికి వచ్చేంతగా ఒంట్లో నీరు తగ్గిపోవడం జరుగుతాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ వాంతులే మందు పనిచేస్తున్న గుర్తని కొందరు అమ్మకందార్లు చెప్పారు. తగ్గితే మందు మహిమ, ముదిరినా మందు మహిమే! ఏం జరిగినా ఓడిపోని నమ్మకానికి పరీక్ష అన్నదే లేదు.

ఈ ద్రావణాన్ని పవిత్ర సంస్కారమంటూ ఒక చర్చి పేరుతో అమ్మిన మార్క్ గ్రెనాన్‌కు, ఆయన ముగ్గురు కొడుకులకు 2023లో అమెరికా ఫెడరల్ కోర్టు జైలుశిక్ష వేసింది. తండ్రికి, ఒక కొడుక్కి ఐదేళ్లు. మిగతా ఇద్దరికీ పన్నెండేళ్ల పైనే. తన ఒంటి మీద ప్రయోగం చేసుకునే హక్కు మనిషికి ఉందని ఒప్పుకున్నా, ఇక్కడ అది చెల్లదు. ఆటిజానికి మందని ప్రచారం చేసి దీన్ని పిల్లలకూ పట్టించారు. ఆ పిల్లలను ఎవరూ అడగలేదు.