పైథాన్ పుటలలో దేవదత్తుడు

2008 డిసెంబరులో పైథాన్ భాష మూడవ రూపము దాల్చినపుడు, పూర్వరూపమున వ్రాసిన కోడు దానియందు ఉన్నదున్నట్లు నడువదని దాని కర్తలే ముందుగా చెప్పియుండిరి. అయినను లోకము పాతదానిని విడనాడుటకు ఎంత సంకోచించెననగా, 2015తో ఆపదలచిన రెండవ రూపపు మరమ్మతులను 2020 జనవరి 1 వరకు పొడిగింపక తప్పలేదు. ఆ నడుమ ఎన్నియో వెబ్ అప్లికేషన్లు పునర్లిఖితములైనవి. ఇట్లు తిరగవ్రాసినది పూర్వపు ప్రోగ్రామేనా, దాని పేరు పెట్టుకొన్న వేరొకటియా?

ఈ ప్రశ్నకు బౌద్ధుడు తడుముకొనడు: క్షణక్షణమును మారు సంతానమే కాని స్థిరమైన ఆత్మ లేదనును. అద్వైతి మార్గము వేరు. నాడు కాశిలో చూచిన దేవదత్తుడే నేడిచ్చట నున్నవాడని గుర్తించునపుడు, పరస్పరవిరుద్ధములైన ఆ దేశకాలములను ఈ దేశకాలములను వదలి వ్యక్తిమాత్రమును గ్రహించుచున్నామనియు, దీనికే భాగత్యాగలక్షణ యని పేరనియు అతడు చెప్పును. పాత ప్రోగ్రామును క్రొత్త రూపమునకు మార్చువాని, అనగా పోర్టింగు చేయువాని, పనియు నిదియే. ప్రింట్ ప్రక్కన బ్రాకెట్లు చేర్చుటవంటి చిల్లర త్యాగములను టూటుత్రీ యను సాధనమే చేసిపెట్టును. చిక్కంతయు వదలదగిన భాగమేదో తెలియుటలో నున్నది.

కొన్నియెడల అది సులభము. యూటీఎఫ్-8లో వ్రాసిన ‘దేవదత్తుడు’ పాత పైథానుకు 30 బైట్ల రాశి, క్రొత్తదానికి 10 సంకేతములు. పేరు 20కి మించరాదను నియమమున్నచోట, పాతది దేవదత్తుని మధ్యకు నరికి తోక స్థానమున చెత్తగుర్తు నిలుపును. క్రొత్తది నిండుగా నిలుపును. ఇట్టి త్యాగమునకు దుఃఖించువా డెవ్వడు?

భాగహారము సంగతి అట్లు కాదు. పాతదానిలో 31ని 2చే భాగించిన 15, క్రొత్తదానిలో 15.5. ఒక సంఘపు లెక్కల ప్రోగ్రాము 31 రూపాయల ఖర్చును ఇద్దరు సభ్యులకు పంచి, చెరి 15 చొప్పున రసీదులిచ్చుచు, మిగిలిన రూపాయిని ఏ పద్దుకును ఎక్కింపక ఏండ్లు గడిపినదనుకొందము. భాగహారపు గుర్తు మార్చకున్న గణితము గెలిచి పాత రసీదులు అబద్ధములగును. పాతదానివలె భాగించు జంట ఏటవాలుగీతల గుర్తు వేసినచో ప్రోగ్రాము తానే యగును, తన తప్పుతో సహా. ఆ తప్పు దానికి స్వరూపమా, వదలదగిన ఉపాధియా?

ఉపాధియే యని నా నిశ్చయము, ఎంత అలవాటైనను. కాని తొలగించు నధికారము పోర్టింగు చేయువానికి, అందునను చెప్పకుండ చేయుటకు, లేదు. అతడు జంటగీతలు వేసి, ప్రక్కన ఎందుకు వేసెనో వ్రాయవలెను. ఆ రూపాయి ఎవరిదను విచారము తరువాత, సభ్యుల యెదుటనే జరుగవలెను.