కళ్ళారా చూశానన్నాను!

పరీక్షలో అబద్ధం రాయడం తప్పా అని మీరడిగితే, నేను తటాలున జవాబు చెప్పలేను. ఒకసారి రాసినవాణ్ణి మరి!

యాభై ఏళ్ళ కిందటి మాట. స్టేషన్ ఘన్‌పూర్‌లో పొద్దున్నే పాసింజరెక్కి, కాజీపేటలో దిగి కాలేజీకి పోయేవాణ్ణి. ఇంటరు రెండో ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ నాడు పొట్లంలో తెల్లటి లవణం ఇచ్చి, అదేమిటో తేల్చమన్నారు. నా చేతులు వణకడం చూసి అటెండరు జాలిపడ్డాడు.

"తమ్మీ, నీది లెడ్ నైట్రేట్" అని చెవిలో ఊది పోయాడు.

ఇంకేం! పరీక్షనాళిక ముట్టుకోకుండానే ప్రయోగం, పరిశీలన, అనుమితి అనే మూడు గడులూ నింపేశాను. పొడిని వేడి చేస్తే చిటపటలాడి గోధుమరంగు వాయువు వచ్చింది, కనుక నైట్రేటు. ద్రావణంలో పొటాషియం అయొడైడు పోస్తే పసుప్పచ్చటి అవక్షేపం వచ్చింది, కనుక సీసం. జవాబు సరైనదే. మార్కులూ బాగానే పడ్డాయి.

మరి తప్పెక్కడ? ఒకరు చెబితే తెలుసుకోవడం నేరమా? మన న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. నమ్మదగినవాడి మాటే శబ్దప్రమాణం. ఆ వేళ నాకు అటెండరు కన్నా ఆప్తుడెవరండీ! ఆ మాటకొస్తే, 1869లో మెండలీవ్ వేసిన పట్టికను మనమెవరం పరీక్షించి ఒప్పుకున్నాం?

ఇలా చాలాకాలం సమాధానపడ్డాను. మొన్న మా మనవరాలు అకర్బన రసాయనం వల్లె వేస్తూ అడిగింది:

"తాతా, ఆ పసుపు అవక్షేపం మరిగే నీళ్ళలో కరిగిపోయి, చల్లారుతుంటే బంగారు రేకుల్లా మెరుస్తూ వస్తుందట. నువ్వు చూశావా?"

నా నోరు పెగల్లేదు. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. విన్నది విన్నానంటే జ్ఞానమే. విన్నదాన్ని 'చూశాను' అనే గడిలో రాస్తే, అది నిజమే అయినా దొంగసాక్ష్యమే. ఎక్కడో ఎవరో నిజంగా చూశారు గనకనే కదా పుస్తకంలో మాటకు విలువ! ఆ నడిమి గడిని అందరూ నాలాగే నింపేస్తే, ఇక ఎవరి మాట ఎవరు నమ్మాలి?

"చూడలేదు బిడ్డా, చూశానని రాశాను" అన్నాను.

అది నవ్వింది. "అయితే నేను ల్యాబులో చూసొచ్చి చెప్తాలే" అంది.

ఆ శబ్దప్రమాణం కోసమే ఎదురుచూస్తున్నాను.