మామ అంటే ఎవరు బిడ్డా?

బిడ్డా,

మొన్న నాందేడ్ నుంచి ఫోన్ల బాగ మొత్తుకున్నవు. "పోలీసుల్ల పీఎస్ఐ కావాల్నని డిగ్రీ చదువుతుంటే నాకు స్టాటిస్టిక్స్ ఎందుకు తాతా, జీవశాస్త్రం ఎందుకు, మళ్ల మరాఠీ వ్యాసాలెందుకు? నేరాలు, చట్టాలు చెప్తే సాలదా?" అన్నవు. అప్పుడు నవ్వి ఊకున్న. కాగితం మీద రాస్తే నిలుస్తదని ఇప్పుడు రాస్తున్న.

యూజీసీ 2022 డిసెంబరుల ఇచ్చిన నమూనాల మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అండ్ల అసలు సబ్జెక్టుకు 60. కడమ సగం పక్క సబ్జెక్టులు, భాషలు, చేతిపని. నీకు ఆ సగం దండుగ అనిపిస్తున్నది. నాకు అట్ల అనిపియ్యదు. ఎందుకో చెప్త.

మన కుండల్‌వాడి సంగతి నీకెరుకే. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, అంగట్ల హిందీ. 1956 దాకా మనం హైదరాబాద్ రాష్ట్రపోళ్లం. ఆ నవంబరు 1న బొంబాయి రాష్ట్రంల పడ్డం, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. కాగితాలు మారినయి గని నాలుకలు మారలే.

నేను వయసుల ఉన్నప్పుడు ఒకామెకు తోడుగ ఠాణాకు పోయిన. ఏ ఊరి ఠాణానో ఇప్పుడెందుకు. "మా మామ కొట్టిండు" అన్నదామె ఏడ్సుకుంట. రాసుకునేటాయన మరాఠీల "మామా" అనే రాసుకున్నడు. మరాఠీల మామా అంటే తల్లి తోడబుట్టినోడు. పెనిమిటి తండ్రి అయితే సాసరే. మనకేమో ఇద్దరూ మామలే. రాసింది ఒక్కసారి చదివి వినిపియ్యుమని నేను అడగకపోతే, కొట్టినోడు ఇంట్ల, సాదిన మేనమామ లోపల ఉంటుండె. ఆ రాసినాయన చెడ్డోడు కాదు బిడ్డా. సెక్షన్లన్నీ ఆయన నోటి మీదనే ఉండె. మామ అంటే ఎవరని అడగాలన్నది మాత్రం ఆయనకు తట్టలే.

సాక్షి కోర్టు భాష గాక వేరే భాషల చెప్తే, వీలుంటే ఆ భాషలనే రాసుకోవచ్చు, లేకుంటే సరైన తర్జుమా ఉండాలె అని చట్టంలనే ఉన్నది. అది నడవాలంటే రాసేటోళ్లకు రెండు భాషలూ లోతుగ రావాలె. నువ్వు విసుక్కుంటున్న మరాఠీ వ్యాసం అందుకే.

లెక్కల ముచ్చట విను. 1897ల కలకత్తాల వేలిముద్రల ఆఫీసు పెట్టిన్రు. ముద్ర తీసుడు అల్కనే. వేల కాగితాల్లకెల్లి ఒక్కటి ఏరి తీసుడే కష్టం. అజీజుల్ హక్ అనే లెక్కల పిలగాడు పది వేళ్ల గీతలను 1024 అరల్ల సర్దే తీరు కట్టిండు. హేమచంద్ర బోస్ ఆయనకు తోడున్నడు. పేరు మాత్రం పై దొర హెన్రీకి పోయింది.

ఇగ జీవశాస్త్రం. హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబుల పనిచేసిన లాల్జీ సింగ్ మొదలు చూసింది నేరాలను కాదు, పాములను. పాముల్ల ఆడ, మగ ఎట్ల ఏర్పడుతదని వెతుకుతుంటే కట్లపాము డీఎన్ఏల ఆయనకు ఒక పనిముట్టు దొరికింది. దాంతోనే 1980లల్ల మనుషుల డీఎన్ఏ ముద్రలు తీసిండు. ఆ విద్య రాజీవ్ గాంధీ హత్య కేసుల దాకా పనికొచ్చింది.

అట్లని చట్టాన్ని అల్కగ చూడకు. గట్టిగ చదువు. కానీ 1860 నాటి ఐపీసీ 511 సెక్షన్లు 2024 జులై 1న పక్కకు పోయి, 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సినిమాల్ల విని విని అందరికీ ఎరుకైన 302 ఇప్పుడు 103. బట్టీ పట్టినోళ్లు మళ్ల మొదటి నుంచి పట్టాలె. హత్య అంటే ఏందో అర్థమైనోళ్లకు అంకె ఒక్కటే మారింది.

దీపావళికి వస్తవు గద. నాయనమ్మ పక్కన కూసోని, ఆమె చిన్ననాటి ముచ్చట ఒకటి తెలుగుల విను. మరాఠీల రాయి. మళ్ల తెలుగుల చదివి వినిపియ్యి. "అవు, నేనన్నది గిదే" అని ఆమె అన్ననాడు నువ్వు సగం పీఎస్ఐవి అయినట్టే. కడమ సగం పరీక్ష చూసుకుంటది.

మీ తాత