మెరుగు ఎవరికి?

నాన్న వాడే డెస్క్‌టాప్ 2012లో నేను బిగించింది. ఐ5-2400 ప్రాసెసర్, డీడీఆర్3 మెమరీ. ఈమధ్య ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. ఆయన అందులో తన ఊరి జ్ఞాపకాలు టైపు చేసుకుంటున్నారు. రెండుసార్లు పేజీలకు పేజీలే పోయాయి.

నేను వెంటనే లిస్టు రాసేశాను: మదర్‌బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5. కొత్త బోర్డులో పాత మెమరీ పట్టదు కాబట్టి మూడూ మార్చాల్సిందే. నాన్న చూసి, "ఈ స్పీడు నాకు చాలురా. మధ్యలో ఆగకుంటే అదే పదివేలు," అన్నారు.

అప్పుడుగానీ అసలు జబ్బేమిటో వెతకలేదు నేను. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ రాలేదు. వేరే పవర్ సప్లై తగిలిస్తే రీస్టార్టులు ఆగాయి. ఏళ్ల తరబడి వేడికి కెపాసిటర్లు నీరసపడతాయి. లోడు పెరిగితే ఓల్టేజీ నిలవదు. 450 వాట్ల కొత్త సప్లై కొన్నాను. పాత హార్డ్ డిస్కును నమ్మలేక ఎస్సెస్డీ పెట్టి, బ్యాకప్ ఏర్పాటు చేశాను. మిగతావి ముట్టుకోలేదు.

చెక్కలన్నీ మార్చాక కూడా థీసియస్ ఓడ అదే ఓడా అన్న చిక్కును ప్లూటార్క్ ఎప్పుడో చెప్పాడు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు: మార్చేవాడు ఎవరి కోసం మారుస్తున్నాడు? నా లిస్టు నాన్న అవసరంలోంచి రాలేదు, నా సరదాలోంచి వచ్చింది. దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. ఆఫీసులో పాత కోడ్ చూసి "మొత్తం తిరగరాద్దాం" అన్నప్పుడూ ఇంతేనేమో.

అలాగని పాతదే మేలని కాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని అధికారికంగా ఒప్పుకోదు. ఎప్పటికైనా మార్చక తప్పదు. ఈసారి లిస్టు రాసేముందు నాన్నని అడుగుతాను.